ఏటిచేపయు సముద్రపుచేపయు

శ్రీకూర్మక్షేత్రము రెండు నదుల నడుమ నున్నది. ఒకవంక నాగావళి కళ్ళేపల్లియొద్దను, వేఱొకవంక వంశధార కళింగపట్టణమునొద్దను సముద్రమును చేరుచున్నవి. నడచిపోదగినంత దూరమున బంగాళాఖాతము కలదు. చుట్టుపట్ల చెఱువులు, ఆలయమునొద్ద శ్వేతపుష్కరిణి. నదీజలము, తటాకజలము, సముద్రజలము అను మూడింటిని ఒక్క పూటలో చూచి రాదగిన చోటిది. ఇచట పూజలందుకొను దేవుడును జలచరరూపియే. కావున చేపను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినవానికి ఇంతకంటె తగిన తావు వెదకనక్కఱలేదు.

అయినను ఈ వ్యాసమునకు కారణము క్షేత్రమాహాత్మ్యము గాదు. పాఠశాలలో జరిగిన యొక చిన్న సంగతి. మధ్యాహ్నమువేళ ఒక బాలిక తన డబ్బా మూత తీసెను. ఆమె సముద్రతీరపు పల్లెనుండి వచ్చునది. డబ్బాలో అన్నమును, వేచిన యెండు నెత్తళ్ళును ఉండెను. ప్రక్కనున్న బాలిక ముక్కు మూసికొని దూరముగ జరిగెను. ఏమని నే నడుగగా, "మాం ఏటిసేపే తింటాం మేస్టారూ. సముద్రం సేప కంపు!" అని చెప్పెను. మొదటి బాలిక మాఱుమాటాడక మూత పెట్టివేసి, ఆ పూట ఏమియు తినలేదు. నేను రెండవ యామెను మందలించితిని. కాని మందలింపు సమాధానము కాదు. ఆమె చెప్పిన మాట తాను కల్పించినది గాదు. పెద్దల నోట విన్నది. ఏటిచేప తీయనిదనియు, సముద్రపుచేప నీచుదనియు పెక్కు ఇండ్లలో అనుకొనుచునే యుందురు. ఆ తీర్పునకు ఆధార మేమి? అది నాలుక చెప్పిన తీర్పా, మఱియెవ్వరో చెప్పినదానిని నాలుక వల్లించుచున్నదా? అని విచారింపవలె నని నా కప్పుడు తోచినది.

ఇచట నొక మాట ముందుగ చెప్పుకొందును. నేను పుట్టినది చేప తినని యింట. కావున ఈ వివాదమున నన్ను పక్షపాతి యని యెవ్వరును ఆక్షేపింపజాలరు. రుచి యెఱుగనివా డని మాత్రము ఆక్షేపింపవచ్చును. అందుచే రుచిని గూర్చిన సాక్ష్యమును తినువారి నుండియు, కారణమును గ్రంథముల నుండియు తెచ్చికొంటిని.

ఈ రెండు జాతుల చేపలను పోల్చిన ప్రాచీనగ్రంథములలో సుశ్రుతసంహిత ముఖ్యమైనది. దాని సూత్రస్థానమున అన్నపానములను చెప్పు నధ్యాయమునందు చేపలు రెండు విధములుగ విభజింపబడినవి: నాదేయములు, సాముద్రములు. రోహితము, పాఠీనము మొదలగునవి నాదేయములు. తిమి, తిమింగిలము మొదలగునవి సాముద్రములు. రెండును మధురములే యనియు, రెండును గురువులే యనియు, వాతమును హరించునవే యనియు శాస్త్రకారుడు చెప్పెను. సముద్రపుచేప ఇతర ప్రాణులను తిని బ్రదుకును గనుక బలము నిచ్చుననెను. అయినను దేహపుష్టి కలిగించుటలో నదిచేప దానికంటె గుణాధిక మనెను. అంతటితో నిలువక, నదిచేపకంటె నూతిచేప మేలనియు, నూతిచేపకంటె దిగుడుబావిలోని చేప మేలనియు తీర్పు చెప్పెను.

ఈ వరుసను చదువరులు జాగ్రత్తగ గమనింపవలెను. సముద్రము, నది, నూయి, దిగుడుబావి. ఇది గుణముల వరుస యని శాస్త్రకారుని మాట. కాని ఇది దూరముల వరుస గూడ నగుచున్నది. ఏది యింటికి దగ్గఱయో అది మేలు; ఏది దూరమో అది తక్కువ. ఈ గ్రంథమును శిష్యులకు బోధించినవాడు కాశీరాజగు దివోదాస ధన్వంతరి యని ఆ గ్రంథమే చెప్పుచున్నది. కాశికిని సముద్రమునకును నడుమ ఎన్నో దినముల ప్రయాణము. అంత దూరము సముద్రపుచేప పచ్చిగ పోజాలదు; ఎండియో ఉప్పుపట్టియో పోవలెను. గంగలో పట్టిన రోహితమును పట్టినపూటనే వండుకొను ఊరివారు, ఎండి వచ్చిన సముద్రపుచేపను దానితో పోల్చి చూచినయెడల ఏ తీర్పు చెప్పుదురో వేఱుగ చెప్పవలయునా? ఇది నా యూహయే యైనను, దీనిని బలపఱచు కారణములు ముందు కనబడగలవు.

మన పూర్వులు చేపల యెడల ఉదాసీనులుగా నుండిరని తలపరాదు. అశోకుడు పట్టాభిషేకమైన 26 సంవత్సరములకు చెక్కించిన స్తంభశాసనమున కొన్ని జాతుల చేపలను చంపరాదనియు, కొన్ని తిథులయందు చేపలను చంపుటయు అమ్ముటయు కూడదనియు ఆజ్ఞాపించెను. అమ్మరాదని ఆజ్ఞ పుట్టవలెనన్న, అమ్మకము విరివిగ నుండవలెను గదా! 12వ శతాబ్దమున కల్యాణపురము నేలిన చాళుక్యరాజు సోమేశ్వరుడు తన మానసోల్లాసమున మత్స్యవినోదమునకు ప్రత్యేకస్థానమిచ్చి, సముద్రమున పుట్టు చేపలను, నదులలో పుట్టు చేపలను వేఱువేఱుగ వర్ణించెను. మనుస్మృతి ఒకచోట చేప తినువాడు సర్వమాంసములు తినినవాడే యని నిందించి, మఱుసటి శ్లోకముననే దేవపితృకార్యములయందు రోహిత పాఠీనముల ననుమతించినది. అనుమతి పొందిన ఆ రెండును మంచినీటి చేపలే.

తినుట, తినకుండుట యనునది శాస్త్రముకంటె దేశమును అనుసరించి నడచినది. బంగాళదేశమునను ఉత్కలమునను బ్రాహ్మణులు చేప తిందురు; ద్రావిడ బ్రాహ్మణులు తినరు. సుమారు 11వ శతాబ్దమున బంగాళమునందలి భవదేవభట్టు ధర్మశాస్త్రవచనములను సమన్వయపఱచి, బ్రాహ్మణునకు మత్స్యభోజనము దోషము కాదని వాదించెను. మన కళింగసీమ ఈ రెండాచారములు కలిసికొను సరిహద్దు. శ్రీకూర్మమున 1281లో యోగానందనరసింహుని ప్రతిష్ఠించినట్లు శాసనము వ్రాయించిన నరహరితీర్థులు మధ్వమతస్థులు. చేప ముట్టని సంప్రదాయమువారు. ఆ గుడికి కొలదిదూరముననే ఒడియాబ్రాహ్మణుల ఇండ్లలో చేపకూర ఉడికిన కాలము కలదు. ఒకే వేదము చదువుకొని, ఒకే దేవునికి మ్రొక్కి, ఒకరు తినిరి, ఒకరు మానిరి. ఇట్టి సీమయందు, తినువారిలో మరల "మేము తినునది గొప్ప చేప, మీరు తినునది నీచు చేప" యను తారతమ్యము పుట్టుట వింతగ నున్నది.

ఇక నాలుక సంగతి చూతము. రసాయనశాస్త్రము దీనికి చక్కని సమాధానము చెప్పుచున్నది. ఒక లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. చేప దేహములోని ద్రవము అంత ఉప్పనిది కాదు. అట్టి ఉప్పునీటిలో బ్రదుకు ప్రాణులు తమ కండలలో కొన్ని పదార్థములను కూడబెట్టుకొనును. వానిలో గ్లైసీను మొదలగు ఆమినో ఆమ్లములు కొన్ని. ఇవి నాలుకకు తీపిని, కమ్మదనమును కలిగించునవి. ట్రైమిథైలమీన్ ఆక్సైడు అనునది మఱియొకటి. దీనికి స్వయముగ వాసన లేదు. కాని చేప చచ్చిన పిదప సూక్ష్మజీవులు దీనిని ట్రైమిథైలమీనుగ మార్చును. మనము నీచువాసన యనునది ముఖ్యముగ నిదియే. మంచినీటి చేపలో ఈ పదార్థము మిక్కిలి తక్కువ; అందుచే అది నిలువయున్నను ఈ వాసన అంతగ పుట్టదు.

దీనినిబట్టి తేలునదేమన, అప్పుడే వలనుండి తీసిన సముద్రపుచేప రుచిలో ఏటిచేపకు తీసిపోదు. పైగ మించినను మించును. కాని దాని పరువము కొలది గడియలది. ఎండలో గంపయందు పూటంత యున్నచో, ఆ రుచినిచ్చిన పదార్థముల వెంటనే కంపును పుట్టును. ఏటిచేపకు ఆ వైభవమును లేదు, ఆ పతనమును లేదు. తీరవాసులగు జాలరులును వాడబలిజలును చెప్పునదియు నిదియే. కోనాముగాని చందువగాని ఒడ్డున దిగిన గడియలో వండిన కూర యెదుట ఏ ఏటిచేపయు నిలువదని వారందురు. వారి మాటను మనము స్వపక్షాభిమాన మని త్రోసివేయుచున్నాము. శాస్త్రము వారి పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది.

అట్లని ఏటిచేపకు, చెఱువుచేపకు దోషము లేదని కాదు. బుఱదవాసన వానికి సహజశత్రువు. నిలువనీటిలో పెరుగు నీలహరిత శైవలములును కొన్ని సూక్ష్మజీవులును జియోస్మిన్ అను పదార్థమును పుట్టించును. తొలకరి చినుకు పడినపుడు నేలనుండి లేచు వాసనకును అదియే మూలము. నేలమీద మనసున కింపైన ఆ వాసనయే కూరలో రోతగ నుండును. మన స్త్రీలు ఏ పరిశోధనాలయమును చూడకయే దీనికి మందు కనుగొనిరి. అది చింతపండు. పులుపు ఈ బుఱదవాసనను విఱుచును; సముద్రపుచేప నీచును గూడ అణచును. చేపలపులుసు నెవ్వరు కనిపెట్టిరో యెఱుగము గాని, ఆమె రసాయనజ్ఞురాలని చెప్పుటకు సందేహింపనక్కఱలేదు.

మంచినీటి చేపకు మఱియొక గొప్ప సౌకర్యము కలదు. కొఱమీను, మార్పు, ఇంగిలికము అనునవి నీటిలోని ప్రాణవాయువుతోడనే గాక, పైకి వచ్చి గాలిని గూడ పీల్చి బ్రదుకగలవు. కుండలో కొంచెము నీరు పోసి వేసినచో గడియలకొలది ప్రాణముతో నుండును. కావున ఎంత దూరపు గ్రామమునకైనను ఇవి బ్రదికియే చేరినవి; పొయ్యియొద్దనే చచ్చినవి. సముద్రపుచేప యన్ననో, వలనుండి తీసిన కొంతసేపటికే చచ్చును. సముద్రతీరము లేని తెలంగాణము కొఱమీనునే తన రాష్ట్రమత్స్యముగ నెన్నుకొన్నది. అది ఆ చేప రుచికి గౌరవమే. కాని బ్రదికి ప్రయాణము చేయగల దాని శక్తికిని గౌరవమే. లోపలి దేశమువాడు తాజా కొఱమీనును, మూడుదినముల సముద్రపుచేపను నాలుకమీద పెట్టి తూచెను. ఇది ధర్మమైన తూనిక యగునా?

దూరముతోపాటు ఈ తూనికను చెఱచినది మఱియొకటి కలదు. అది ఉప్పు. సముద్రపుచేపను లోపలి దేశమునకు పంపుటకు మంచును రైలును లేని దినములలో ఉప్పొక్కటే యుపాయము. కాని 1805లో చెన్నపురి రాజధానియందు ఈస్టిండియా కంపెనీవారు ఉప్పును తమ గుత్తసొత్తుగ చేసికొనిరి. తన ముంగిటనే ఉప్పు పండుచున్నను, జాలరి దానిని తీసికొన్నచో నేరస్థుడయ్యెను. నౌపాడయందలి ఉప్పుమళ్ళు మన సీమవారి కెల్లరకు తెలిసినవే. వాని ప్రక్కనున్న పల్లెలవారు సహితము సుంకము చెల్లించి ఉప్పు కొనవలసివచ్చెను. చేప చౌక, ఉప్పు ప్రియము. ఇక నేమి చేయుదురు? చాలీచాలని ఉప్పు చల్లిరి, కొన్నిచోట్ల ఉప్పుమట్టితో సరిపెట్టిరి, ఇసుకమీద ఆరబెట్టిరి. అట్టి సరకు సగము చెడియే సంతకు చేరెను.

ఫ్రాన్సిస్ డే యను వైద్యుడు భారతదేశపు చేపలను గూర్చి ప్రభుత్వమునకు 1873లో రెండు నివేదికలు సమర్పించెను: ఒకటి సముద్రమత్స్యములను గూర్చి, రెండవది మంచినీటి మత్స్యములను గూర్చి. ఉప్పుసుంకము చేపల నిలువకెంత విఘాతమో అతడు ప్రభుత్వమునకు ఎఱిగించినవారిలో నొకడు. పిమ్మట తీరమున చేపలను ఉప్పుపట్టించు ఆవరణములు ఏర్పడి, వానిలోపల జాలరులకు చౌకగ ఉప్పు నిచ్చుట ప్రారంభమయ్యెను. 1905లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఈ పరిశ్రమను పరిశీలించుటకు నియమింపబడెను. 1907లో చెన్నపురి మత్స్యశాఖ నెలకొనెను. 1930లో గాంధీమహాత్ముడు దండియొద్ద పిడికెడు ఉప్పు తీసినప్పుడు, ఆ పిడికిలిలో మన తీరపు జాలరుల గోడును ఉన్నదని చెప్పినచో అతిశయోక్తి కాదు. 1947లో గాని ఆ సుంకము తొలగిపోలేదు. అనగా నూఱేండ్లకు పైబడి, లోపలి దేశమువారు సముద్రపుచేప యని యెఱిగినది నిజముగ సముద్రపుచేప కాదు. ఉప్పు కఱవైన చేప. దాని కంపునకు సముద్రము కారణము కాదు, జాలరియు కారణము కాడు, కచేరీ కారణము. కాని నింద మాత్రము జాలరి మీదనే నిలిచెను.

నింద యనగా నొక పాతకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. కాళిదాసుని శాకుంతలమున ఉంగరము దొరకినది ఒక రోహితమత్స్యము కడుపులో. దానిని కోసిన జాలరిని రాజభటులు కట్టి తెచ్చి, నీ వృత్తి యెంత పరిశుద్ధమో యని ఎగతాళి చేయుదురు. పుట్టుకతో వచ్చిన పని నిందితమైనను విడువ దగదని అతడు బదులు చెప్పును. దుష్యంతుని మఱపును పోగొట్టినది ఋషులును కారు, మంత్రులును కారు, ఆ జాలరి. అయినను అతని పేరును కవి చెప్పలేదు.

పేరు లేకపోయిన జాలరులు మన తీరమునను కలరు. 1782లో పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు తన సోదరుని వెంట విశాఖపట్టణమునకు వచ్చెను. కొన్నియేండ్లుండి, అచటి వలలలో పడిన చేపలను వ్రాయించి, వర్ణించి, 1803లో లండనునందు రెండు సంపుటములుగ ప్రకటించెను. విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలు అందు కలవు. అతడు చేసిన మేలేమన, పెక్కు చేపలకు జాలరులు చెప్పిన తెలుగు పేళ్ళనే వ్రాసికొనెను. కోనాము అందు కలదు, నల్లచందువ కలదు, పాలబొంత కలదు. పలస యనునది గూడ కలదు. 1829లో ఫ్రెంచి పండితుడు కువియే ఆ చిత్రమును, ఆ పేరును ఆధారముగ గొని, ఆ చేపకు శాస్త్రనామమున 'పలసా' యను మాటను చేర్చెను. తరువాతి పరిశోధకులు ఆ నామమును వేఱొకదానిలో కలిపివేసిరి గాని, విశాఖ జాలరి నోటి మాట ఒకప్పుడు పారీసు గ్రంథమున కెక్కినమాట నిశ్చయము. ఆ పేళ్ళు చెప్పిన జాలరుల పేళ్ళు మాత్రము మనకు దక్కలేదు.

ఆ పలసయే మన వివాదమునకు తుది సాక్షి. ఇప్పుడు గోదావరీతీరమువారు పులస యనునది ఇదియే. బంగాళీయులు ఇలిష యనునదియు ఇదియే. ఇది పుట్టుట నదిలో, పెరుగుట సముద్రములో. ఆషాఢ శ్రావణ భాద్రపదములయందు గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు గ్రుడ్లు పెట్టుటకై వరద కెదురీదుచు నదిలో ప్రవేశించును. సముద్రమున పట్టినప్పుడు దానిని విలస యందురు. నదిలో పట్టినప్పుడు పులస యందురు. చేప ఒకటే, పేళ్ళు రెండు, వెలలో మాత్రము హస్తిమశకాంతరము. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత. ఎవరి పుస్తెలు ఎవరు అమ్మవలెనో ఆ సామెత చెప్పలేదు. దానిని కట్టినవాడు పురుషుడని వేఱుగ చెప్పనక్కఱయు లేదు.

ఈ రుచిభేదము కేవలము భ్రమ యని నే ననను. గ్రుడ్లు పెట్టు ప్రయాణమునకై చేప ముందుగనే కొవ్వును కూడబెట్టుకొనును. నదిలో తక్కువగ తినుచు ఆ కొవ్వును ఖర్చుపెట్టుకొనుచు ఎదురీదును. నదీముఖము దాటిన తొలిదినములలో దాని మాంసము కొవ్వుతో నిండి, సముద్రపు ఉప్పుదనము తగ్గి యుండును. పులస రుచి యనునది ఈ సంధికాలపు రుచి. అనగా అది నది యొక్కదాని వరము గాదు. సముద్రము పెంచి యిచ్చిన దేహమునకు నది మెఱుగు పెట్టినది. ఏటిచేప గొప్పదని వాదించువారు తలమీద పెట్టుకొను ఆ చేప నిజముగ సముద్రమున పెరిగినదే! పండుగప్ప దీనికి విలోమము: అది తఱచుగ నదులలోను ఉప్పుటేఱులలోను పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై సముద్రమువైపు పోవును. మనము గీచుకొన్న గీతను చేపలు గుర్తింపవు.

ఆ గీతను నిజముగ గీచినవి ఆనకట్టలు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట గోదావరి మండలములకు అన్నము పెట్టినది. కాటన్ దొరకు జనులు నేటికిని మ్రొక్కుచున్నారు. కాని పులసకు అది గోడ. ఆనకట్టలవలన వలసచేపలకు కలుగు నష్టమును ఫ్రాన్సిస్ డే ఆనాడే విచారించి, చేపలు ఎక్కిపోవుటకు దారులు విడువవలెనని సూచించెను. గంగపై 1975లో ఫరక్కా బ్యారేజి పని మొదలుపెట్టిన పిదప ఎగువదేశమున ఇలిష అరుదైపోయెను. మనకు వరియు కావలెను, చేపయు కావలెను. ఒకదానిని కట్టునప్పుడు రెండవదానిని మఱచుట ఇంజనీర్ల దోషము మాత్రమే కాదు. చేప తినువాని మాటకును, పట్టువాని మాటకును సభలో విలువ లేకపోవుట యసలు దోషము.

ఇప్పటి కాలమున ఈ కథ తలక్రిందులైనది. 1950-51లో భారతదేశమున పట్టిన చేపలలో సముద్రపువి సుమారు 5.3 లక్షల టన్నులు, మంచినీటివి 2.2 లక్షల టన్నులు. 2022-23లో సముద్రపువి సుమారు 44 లక్షలు, లోతట్టు నీటివి 131 లక్షలు. 1957లో హీరాలాల్ చౌదరి ఒడిశాయందు ఇంజక్షనుద్వారా చేపలచేత గ్రుడ్లు పెట్టించు పద్ధతిని సాధించిన తరువాత, చెఱువులలో చేపలను పంటవలె పండించుట విస్తరించినది. ఆంధ్రప్రదేశము ఇందు అగ్రస్థానమున నున్నది. కృష్ణా గోదావరి మండలముల చెఱువులనుండి బొచ్చెయు, శీలావతియు మంచుపెట్టెలలో దేశమంతటికి పోవుచున్నవి.

కనుక ఇప్పుడు మన బజారున "ఏటిచేప" యను పేర కొనుచున్నది పెక్కుమాఱులు ఏటిది కాదు. దూరపు చెఱువులో పెంచబడి మంచులో ప్రయాణించి వచ్చినది. శ్రీకూర్మపు గృహస్థునకు తెల్లవాఱుజామున ఒడ్డున దిగి ప్రొద్దెక్కకముందే గంపలో వచ్చునది సముద్రపుచేప. కాశీలో సుశ్రుతునివారికి ఏది దగ్గఱయో అది మేలైనట్లే, ఇచట మనకు ఏది దగ్గఱయో అది మేలు కావలెను. పూర్వుల తీర్పును గౌరవించుట యనగా వారి మాటను వల్లించుట గాదు. వారు చేసిన విధమున పరీక్షించుట.

అట్టి తాజాచేపను తెచ్చిపెట్టు వారి స్థితి యెట్లున్నది? శ్రీకాకుళము జిల్లా సముద్రతీరము సుమారు 193 కిలోమీటర్లు. ఇంత తీరముండియు, తగిన రేవులును జీవనమును లేక, ఇచటి మత్స్యకారులు వేలకొలది గుజరాతునందలి వెరావలు మొదలగు చోట్లకు కూలికి పోవుచున్నారు. 2018 నవంబరులో అట్లు పోయిన మన సీమవారిని సుమారు 20 మందిని పాకిస్తానువారు సముద్రముమీద పట్టుకొనిరి. పదునాలుగు మాసములు చెఱలో నుండి వారు 2020 జనవరిలో ఇల్లు చేరిరి. ఇంటి యెదుట సముద్రము నుంచుకొని, ఇతరుల సముద్రమున చేప పట్టి, చెఱకు పోయిన వారి పిల్లలే మన పాఠశాలలలో అన్నపు డబ్బాల మూతలు తెఱచునది, మూయునది.

చదువరులారా! ఎవ్వరినిగాని ఏటిచేప మానుమని నే ననను. సముద్రపుచేప తినుమనియు ననను. రుచి యెవరిది వారిది. కాని పోల్చుచో తాజాను తాజాతో పోల్చుడు. కన్ను ఉబికి నిగనిగలాడుచు, మొప్ప ఎఱ్ఱగ నుండి, వ్రేలితో నొక్కిన మాంసము తిరిగి పైకి వచ్చెనేని ఆ చేప మంచిది. అది యే నీటిదో తరువాత అడుగవచ్చును. ఎండుచేపనైనచో ఇసుకమీద గాక పందిళ్ళపై శుభ్రముగ ఎండినదానిని అడిగి కొనుడు. రెండు కాసులు హెచ్చిచ్చినచో అట్లే యెండబెట్టుదురు. ముల్లుతో తినదగిన చిన్న నెత్తళ్ళు ఎముకలకు సున్నమును, సముద్రపుచేప మెడలోని గ్రంథికి కావలసిన అయొడిన్‌ను ఇచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. పేదయింటి పిల్ల డబ్బాలోని ఆ నాలుగు చేపలు వైద్యశాస్త్రము మెచ్చిన యాహారమే.

మఱునాడు తరగతిలో నేను పాఠము మాని సత్యవతి కథ చెప్పితిని. యమునలో పడవ నడపిన దాశరాజు కూతురామె. చేపవాసన గలదగుటచే మత్స్యగంధి యని లోకము పిలిచినది. ఆమె కడుపున పుట్టినవాడు వేదవ్యాసుడు. ఆమె సంతతివారే కౌరవపాండవులు. పరాశరుడు వరమిచ్చి ఆమె మేని వాసనను మార్చెనని కథ. వరమీయగల ఋషులము మనము కాము. మనము మార్చుకొనదగినది మన ముక్కు. కథ ముగిసిన పిదప ముందటిదినము దూరముగ జరిగిన బాలిక నన్నొక ప్రశ్న యడిగెను: "మేస్టారూ, యేసిన నెత్తళ్ళు ఎలాగుంటాయి?" నా కా సంగతి తెలియదని ఒప్పుకొని, ప్రక్కనున్న యామెను అడుగుమంటిని.